తగినంత అంటే ఎంత?

పోయిన నెల అత్తయ్య రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్, యూరియా, పొటాషియం అని వరసగా ఉంటాయి కదా, వాటి కింద ఫాస్ఫరస్ అని ఇంకో గీత. 5.8. ఉండాల్సింది 2.5 నుంచి 4.5 అని పక్కనే రాసుంది. డాక్టరుగారు ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇక పెరుగు బాగా తగ్గించాలమ్మా" అన్నారు.

భీమవరంలో పుట్టి పెరిగిన డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి పెరుగు తగ్గించమని చెప్పడమంటే ఏమిటో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. పెరుగన్నం తినకుండా లేస్తే మా అత్తయ్య లెక్కలో అది భోజనమే కాదు, టిఫిను. పైగా పెరుగుతో ఆగిందా? పాలు, కందిపప్పు, పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, అన్నిటికీ కొలత. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే ఒంట్లో ఎక్కువైన ఫాస్ఫరస్ బయటికి పోదట. అది పేరుకుంటే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుందట, రక్తనాళాలు గట్టిపడతాయట. డయాలసిస్ దాకా పోకుండా ఎన్నాళ్ళు నెట్టుకురాగలమన్నది ఇలాంటి నాలుగైదు అంకెల మీదే ఉంది. అందుకని వంటింట్లోకి గ్రాముల్లో తూచే చిన్న త్రాసు ఒకటి వచ్చి కూర్చుంది. డైటీషియన్ రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ముప్ఫై ఏళ్ళు చేత్తో వేసి వండిన దాన్ని, పప్పు తూచి వండుతున్నాను.

ఆ రాత్రి అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్ చేసినప్పుడు రిపోర్టు చూపించి, "ఈ ఫాస్ఫరస్‌ని రక్తంలో ఎలా కొలుస్తారే?" అనడిగాను. అది అక్కడ బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది, నాలుగో సంవత్సరం. ఒక్కసారి నవ్వేసింది. "మామ్మకి చెప్పమ్మా, దాన్ని కొలవడానికి దారి వేసినాయన మామ్మ ఊరాయనే. యల్లాప్రగడ సుబ్బారావుగారు. పేపర్ పంపిస్తా, చదువు. నీకు అర్థమవుతుంది" అంది.

సుబ్బారావుగారు మనకి తెలియని మనిషేం కాదు. భీమవరంలో 1895లో పుట్టారని, అమెరికా వెళ్ళి గొప్ప మందులు కనిపెట్టారని చాలామందిమి వినే ఉంటాం. కడుపుతో ఉన్నప్పుడు మనమంతా మింగిన ఫోలిక్ యాసిడ్ మాత్ర, బోదకాలు రాకుండా ఆశావర్కర్లు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర, రెండిట్లోనూ ఆయన నడిపించిన ల్యాబ్ పని ఉంది. కానీ ఆయన రాసిన అసలు కాగితం ఒకటి కళ్ళతో చూడొచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు.

అది అచ్చయిన పత్రిక పేరు జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ. 1905లో మొదలై ఇప్పటికీ వస్తూనే ఉంది. నూట ఇరవై ఏళ్ళ పత్రిక! మనం చిన్నప్పుడు ఎదురుచూసి చదివిన వారపత్రికలు ఎన్ని మిగిలాయి చెప్పండి. దాన్ని మొదలుపెట్టింది ఇద్దరు, జాన్ జేకబ్ ఏబెల్, క్రిస్టియన్ హెర్టర్. హెర్టర్ డాక్టరు, డబ్బున్నవాడు, న్యూయార్కులో తన ఇంట్లోనే ల్యాబ్ పెట్టుకున్నాడు. పత్రిక పెట్టిన ఐదేళ్ళకే 1910లో పోయాడు. ఆ ఇంటి ల్యాబ్‌లో పనిచేసిన డేకిన్ అనే ఆయన, తర్వాత 1916లో హెర్టర్ భార్య సుసాన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల పుళ్ళు కడిగే మందు తయారుచేసింది ఈ డేకినే. ఇదంతా కెమిస్ట్రీకి అక్కర్లేని సంగతి, కానీ ల్యాబ్ ఇంట్లో ఉంటే ఆ ఇంటావిడ సంగతేమిటని అడగాలనిపిస్తుంది కదా. నేనడిగాను, మా అమ్మాయి వెతికి చెప్పింది.

ఇప్పుడు ఆ పత్రికని అమెరికా బయోకెమిస్టుల సంఘం నడుపుతోంది. పాత సంచికలతో సహా మొత్తం ఉచితంగా చదువుకోవచ్చు. అలా 1925 నాటి 66వ సంపుటం, 375వ పేజీ మా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. పైన రెండు పేర్లు. సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఇంగ్లీషు అక్షరాల మధ్య మన ఇంటిపేరు కనిపించేసరికి, మావారిని పిలిచి చూపించాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే "ఆఁ, గొప్ప మనిషి" అన్నారు.

పెళ్ళికి ముందు నేను బీజెడ్‌సీతో బీఎస్సీ చదివాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిపెట్ నోటితో పీల్చి, కోనికల్ ఫ్లాస్కు తిప్పుతూ రంగు మారే చుక్క కోసం కళ్ళు పెట్టుకుని చూసినదాన్ని. ఆ చదువుతో ఈ ఇరవై ఆరు పేజీల్లో అంతా అర్థమైందని చెప్పను గానీ, అసలు సంగతి అర్థమైంది. అది వంట రాసుకున్న కాగితమే! ఏది ఎంత తీసుకోవాలి, ఏది ముందు పోయాలి, ఎంతసేపు ఆగాలి, ఎక్కడ చెడిపోతుంది.

పని ఇది. రక్తంలోంచి ప్రొటీన్లు తీసేశాక మిగిలిన నీటిలో యాసిడ్‌తో పాటు అమ్మోనియం మాలిబ్డేట్ అనే ఉప్పు కలుపుతారు. అందులో ఉన్న ఫాస్ఫేటు దానితో జతకడుతుంది. ఆ జతకి ఇంకో మందు తగిలిస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. పక్కన మనకి లెక్క తెలిసిన నీలం ఒకటి పెట్టుకుని, కలరీమీటర్ అనే పరికరంలో రెండు రంగులూ పోల్చి లెక్క కడతారు. జాకెట్టు గుడ్డ పట్టుకుని చీరల షాపులో మ్యాచింగ్ చూస్తామే, అలాంటి చూపే. కాకపోతే వీళ్ళ చూపు వెనక అంకె ఉంటుంది. ఇప్పటి ల్యాబుల్లో మనిషి కన్నుతో పని లేకుండా మెషీన్లే చూస్తున్నాయి, పద్ధతీ కొంత మారింది. కానీ మొదలుపెట్టేది ఎక్కువగా ఆ మాలిబ్డేట్‌తోనేనట.

సుబ్బారావుగారివాళ్ళే మొట్టమొదట చేశారా అంటే కాదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. అదే పత్రికలో 1920లో బెల్, డోయిసీ అనే ఇద్దరు ఒక పద్ధతి రాశారు. రంగు వచ్చేది గానీ నిలిచేది కాదు, వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ అనే ఆయన అదే పత్రికలో, ఇలా చేస్తే నిలుస్తుందని సవరించి రాశాడు. 1925లో వీళ్ళిద్దరూ ఆ నీలం తెప్పించే మందునే మార్చి, రంగు కొద్ది నిమిషాల్లో, నమ్మకంగా వచ్చేలా చేశారు. ఒకళ్ళ చేతి వంట ఇంకొకళ్ళు వండి చూసి, "పిన్నీ, నీ మైసూర్‌పాక్ నాకు గట్టిపడింది, నేను నెయ్యి కాచి పోశాను" అని చెప్పుకున్నట్టుంది. ఎవరూ ఎవర్నీ తక్కువ చేయలేదు. ముందువాళ్ళ పేరు చెప్పి, అక్కడ ఏది కుదరలేదో చెప్పి, తమ సంగతి చెప్పారు.

ఆ కాగితంలో ఎక్కడా 'తగినంత' అన్న మాట లేదు. మన వంటల పుస్తకాల్లో ఉప్పు తగినంత, నూనె తగినంత, నీళ్ళు తగినన్ని. మా అత్తయ్య అయితే అసలు ఆ మాట కూడా అనరు. "వేస్తుంటే నీకే తెలుస్తుందే" అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఆవిడ గుప్పెటని చూసి నా గుప్పెటతో పప్పు పోసి, ఎన్నిసార్లు మాట పడ్డానో. ఆవిడ పక్కన నిలబడితేనే ఆ వంట వస్తుంది. ఆ పత్రికలో అలా కుదరదు. భీమవరం సుబ్బారావు బోస్టన్‌లో చేసింది, ఆయన మొహం కూడా చూడని మనిషి ఇంకో దేశంలో చేస్తే అదే నీలం రావాలి.

అచ్చువేయాలా వద్దా అని చూసే పనిని పీర్ రివ్యూ అంటారు. పంపిన పేపర్‌ని ఎడిటర్ అదే పని తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపిస్తారు. వాళ్ళెవరో రాసినవాళ్ళకి సాధారణంగా చెప్పరు. వాళ్ళు తప్పులు వెతికి, అనుమానాలన్నీ రాసి, ఇంకా ఇది చేసి చూపించు, అది చేసి చూపించు అంటారు. డబ్బులేమీ ఇవ్వరట వాళ్ళకి. ఊరికే చేస్తారు. పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దముత్తయిదువల్లాంటివాళ్ళన్నమాట అన్నాను. "దాదాపు అంతేనమ్మా, కానీ వీళ్ళు ఉప్మా తినరు" అంది మా అమ్మాయి.

ఈ సంగతి నాకు ఇంత వివరంగా ఎందుకు తెలుసంటే, మా ఇంట్లో గొడవంతా దీనిగురించే కనక.

మూడేళ్ళుగా మా అమ్మాయి ఇంటికి రాలేదు. మొదటి ఏడాది చదువు, రెండో ఏడాది వస్తే వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటానేమోనన్న భయం. ఈ సంక్రాంతికి తప్పకుండా వస్తానంది. దాని మొదటి పేపర్‌ని ఒక జర్నల్‌కి పంపింది. అది అచ్చయిపోతుంది, వచ్చేస్తా అంది. నవంబరులో రివ్యూ వచ్చింది. కాదనలేదు, ఔననలేదు. ఇంకో మూడు ప్రయోగాలు చేసి పంపమన్నారు. గడువు మూడు నెలలు. అంటే సంక్రాంతి లేదు.

అత్తయ్యకి ఏమని చెప్పను? ఆవిడ ఏ పండక్కి ఏ మనవరాలికి ఏ చీరో అప్పుడే లెక్కేసుకున్నారు. "ఎవరో ముగ్గురు మొహం తెలియనివాళ్ళు ఏదో అడిగారని నా మనవరాలు రాదా?" అన్నారు. నాకూ ఒళ్ళు మండింది, దాచడం దేనికి. ఫోన్లో దాంతో గట్టిగానే అన్నాను. మామ్మ రిపోర్టు చూశావు కదే, ఆ ప్రయోగాలు ఎక్కడికీ పోవు, మనుషులు అలా కాదు అని.

అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక కథ చెప్పింది. ఆర్థర్ కోర్న్‌బర్గ్ అని ఒకాయన, డీఎన్‌ఏని ఒంటి బయట, గాజు గొట్టంలో తయారుచేసే ఎంజైముని పట్టుకున్నాడు. 1957లో రెండు పేపర్లు రాసి సుబ్బారావుగారు రాసిన ఈ పత్రికకే పంపాడు. చూసినవాళ్ళు ఒప్పుకోలేదు. నువ్వు చేసినదాన్ని డీఎన్‌ఏ అని ఎలా అంటావని నిలదీశారు. తిరిగొచ్చేశాయి. మరుసటి ఏడాది జాన్ ఎడ్సల్ అనే కొత్త ఎడిటర్ వచ్చాక, 1958 జూలైలో అవి అచ్చయ్యాయి. 1959లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. "అంతటివాడికే తప్పలేదమ్మా. నన్ను అడిగినవి మంచి ప్రశ్నలే. రెండోది నేనే ముందు చేసి ఉండాల్సింది" అంది.

కథ బాగుంది. నేను ఊరుకున్నానా? "ఆయనకి పెళ్ళాం పిల్లలు ఉన్నారా?" అన్నాను. ఉన్నారు. ఆవిడ పేరు సిల్వీ. ఆవిడా బయోకెమిస్టే, ముగ్గురు మగపిల్లల్ని పెంచుతూ ఆయన ల్యాబ్‌లోనే పనిచేసింది. ఆయనకి నోబెల్ వచ్చిందని తెలిసినప్పుడు "నన్ను దోచేశారు" అందట. నవ్వులాటకే అంది అంటారు. ఆ నవ్వులాట ఎలాంటిదో ఆడవాళ్ళకి తెలుసు. పెద్దకొడుకు రోజర్‌కి కూడా 2006లో నోబెల్ వచ్చింది. ముగ్గురు పిల్లల్ని పెంచి, ల్యాబులో పనిచేసి, భర్తకొకటి కొడుక్కొకటి. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

అది అక్కడితో ఆగింది. నేను మాత్రం మళ్ళీ ఆ 1925 కాగితం దగ్గరికే వెళ్ళాను. సుబ్బారావుగారికి 1919లో పెళ్ళయింది. ఆవిడ పేరు శేషగిరి. ఆయన చదువుకి మామగారు డబ్బు సర్దారు. 1920ల మొదట్లో ఆయన ఓడెక్కేటప్పటికి ఆవిడ కడుపుతో ఉంది. ఆ పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు. బోస్టన్‌లో ఆయన ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల బెడ్‌పాన్లు తీస్తూ చదువుకున్నారు. ఈ నీలం రంగు పద్ధతి ఆ రోజుల్లోదే. అది చేతికొచ్చాక, కండల్లోంచి తీసిన నీటిలో రంగు రావాల్సినంత వేగంగా రాకపోవడం గమనించి, ఎందుకు ఆలస్యమవుతోందని తవ్వితే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. మన కండలకి అవసరానికి శక్తి అందించే నిల్వ అది. 1927లో చెప్పి, 1929లో పూర్తి వివరం మళ్ళీ ఇదే పత్రికలో రాశారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. 1948 ఆగస్టులో అక్కడే పోయారు. ఒక్కసారి కూడా తిరిగి ఇంటికి రాలేదు.

ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించాను. మధ్యాహ్నం, చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఆవిడ అంతా విని, "ఆ పిల్ల గురించి అందులో ఏమీ రాయలేదా?" అన్నారు.

"ఏ పిల్ల అత్తయ్యా?"

"శేషగిరే. పాతికేళ్ళు ఎదురుచూసింది కదా. ఆ పుస్తకంలో ఆవిడ పేరు లేదా?"

లేదు. ఎందుకుంటుంది? ఎన్ని మిల్లీలీటర్ల యాసిడ్, ఎన్ని నిమిషాలు, అవే ఉంటాయి. ఉండాల్సినవీ అవే. అవి అంత కచ్చితంగా రాసి ఉండబట్టే వందేళ్ళ తర్వాత కూడా దాని వంశంలో పుట్టిన పరీక్ష ఒకటి మా అత్తయ్య రక్తాన్ని చూసి 5.8 అని చెప్పగలిగింది. అది నేను కాదనను. శేషగిరిగారు ఆ త్యాగం చేశారు కాబట్టే ఇది జరిగిందని మాత్రం నా నోట రాదు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అడగకుండా తీసుకున్నదాన్ని త్యాగం అనడం నాకిష్టం ఉండదు. ఆయన మీద గౌరవం తగ్గిందా అంటే తగ్గలేదు, ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఉండనీ.

ఇవే మాటలు మా అమ్మాయితో అన్నాను, ఈసారి కోప్పడకుండా. నువ్వు ఆ మూడు ప్రయోగాలూ చెయ్యి, మానమనను. కానీ రాకపోవడానికి అవి సాకు కాకూడదు. ఎప్పుడొస్తావో తేదీ చెప్పు, 'కుదిరినప్పుడు' అనొద్దు, అదీ 'తగినంత' లాంటి మాటే అన్నాను. నవ్వింది. తన గైడుతో మాట్లాడి, రెండోరోజు చెప్పింది. రెండు ప్రయోగాలు ఫిబ్రవరికల్లా అయిపోతాయి, మూడోదానికి కణాలు పెరగడానికి ఎలాగూ టైం పడుతుంది, ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి వాటిని చూసుకుంటానంది. ఎడిటర్‌కి రాస్తే గడువు కూడా ఇంకో నెల ఇచ్చారు. అడిగితే ఇస్తారని దానికి తెలియనే తెలియదట! మార్చి 6న బయల్దేరి పన్నెండు రోజులుంటుంది. వీసా ఇంకా చెల్లుతోంది, స్టాంపింగ్ గొడవ ఈసారి లేదు. టికెట్ కొన్నాక ఆ కాగితం కూడా నాకు పంపింది, నమ్ముతానో లేదోనని.

పేపర్ చివర్లో సాయం చేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పే చిన్న పేరా ఒకటి ఉంటుందట. "అందులో మామ్మ పేరు రాస్తానని చెప్పమ్మా" అంది. ఫోన్ అత్తయ్యకే ఇచ్చాను. ఆవిడ చెవికి సరిగ్గా ఆనించుకుని, మొత్తం విని అన్నారు.

"పేరెందుకే నాకు. ఆరో తారీకు విమానం ఎన్నింటికో చెప్పు."